గురిగింజ

మా కోడలి పురుటికని 2023 నవంబరులో నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళాం. మావాడు ఉండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ ఊరి శివారున. ఆవిడకి పసిపిల్ల స్నానాలు, పథ్యం వంటలు, చేతినిండా పని. నాకు మాత్రం కిటికీలోంచి మంచు చూడ్డం తప్ప ఇంకో పని లేదు. ముప్పై ఏళ్ళు ఐటిఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పిన చేతులివి, ఊరుకోవు. మొదటి రెండు వారాల్లోనే ఇంట్లో కిర్రుమనే తలుపు బందులు, కారే కుళాయి, ఊగే కుర్చీ కాళ్ళు అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక, మావాడు కొని ఎప్పుడూ విప్పని పనిముట్ల పెట్టె ముందేసుకుని, కారు షెడ్డులో స్పానర్లు సైజుల వారీగా సర్దుతూ కూర్చునేవాణ్ణి.

అట్టా కూర్చున్న ఒక శనివారం సాయంత్రం మావాడు కారు దిగి, పొడుగాటి సంచీ ఒకటి బల్ల మీద పెట్టి, చుట్ట చుట్టిన కాయితం దాని పక్కన విసిరేశాడు. సంచీలో తుపాకీ.

తుపాకీ కొన్న సంగతి వాడు నాకు ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏమంటానో వాడికి తెలుసు. వాళ్ళ ఆఫీసులో పనిచేసే ఒకాయనకి ఊరి బయట పొలం ఉంది. అందులో సోయా చిక్కుడు, మొక్కజొన్న వేస్తారు. జింకల మందలు వచ్చి పడి పైరు మేసిపోతుంటాయి. ఏటా ఫలానా రోజుల్లో, పర్మిట్ తీసుకున్నవాళ్ళు వేటాడొచ్చు. ఆయన రమ్మన్నాడు, వీడు వెళ్ళాడు, మోజు పుట్టింది. ఇంతే కథ. నేను అవుననలేదు, కాదనలేదు. "మీ అమ్మకి తెలుసా?" అన్నాను. "నువ్వు చెప్పకపోతే తెలీదు" అన్నాడు.

సంచీ విప్పాడు. నల్లటి గొట్టం, ప్లాస్టిక్ మడమ, పైన మూరెడు పొడుగు టెలిస్కోపు. సినిమాల్లో చూపించే సరుకు. "ఇది తూటాల తుపాకీ కాదు నాన్నా. మజిల్ లోడరంటారు. మూతి దగ్గర్నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో కూరాలి" అని నాకు వివరించబోయాడు. నాకు నవ్వొచ్చింది. దారి కూడా తానే చెప్పే కారులో తిరుగుతూ నా కొడుకు ఏరికోరి కొనుక్కున్నది మా నాయన తుపాకీ జాతిదే!

వాళ్ళ 1968 నాటి చట్టంలో ఇలాంటివి పాతకాలపు ఆయుధాల కింద లెక్కట. తూటా పెట్టే తుపాకీకి ఉండే నిబంధనలు చాలావరకు దీనికి వర్తించవు. మన 1959 ఆయుధాల చట్టంలో మాత్రం ఇదీ తుపాకీయే, లైసెన్సు ఉండాల్సిందే. కాకపోతే అందులో 13వ సెక్షన్లో రైతుని తలుచుకున్నారు. నిజంగా పంట కాపాడుకోవడానికే కావాలన్నవాడికి మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని విడిగా రాశారు. మా నాయనకి లైసెన్సు వచ్చింది ఆ దారినే. ఒహాయోలోనేమో జనవరి మొదట్లో ఈ రకం తుపాకులవాళ్ళకంటూ నాలుగు రోజులు సీజను పెడతారు. మావాడి హడావిడంతా ఆ నాలుగు రోజుల కోసం.

కాయితం విప్పి చూశాను. యాభై గజాల నుంచి, ఇసక బస్తా మీద తుపాకీ ఆనించి కాల్చిన ఆరు గుళ్ళు. మూడు ఎడమ పక్క పైన దగ్గరదగ్గరగా ఉన్నాయి. రెండు కుడి పక్క కింద. ఒకటి కాయితం అంచు చించుకుపోయింది.

"మూడు వారాల్నుంచీ ఇదే వరస. ఓ రోజు స్కోపు తిప్పి సరిచేసుకుంటా, తర్వాతి వారానికి మళ్ళీ మొదటికే. నాకు చూపు తగ్గుతోందేమో నాన్నా. కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాలి."

చేతిలో ఉన్న స్పానరు బల్ల మీద పెట్టేశాను. యాభై రెండేళ్ళ కిందట కొత్తపట్నంలో, రచ్చబండ దగ్గర, వేరే నోటి నుంచి ఇదే మాట విన్నాను.

"డాక్టరు సంగతి తర్వాత. ముందు దాన్నిటు తే" అన్నాను.

మా నాయన నేర్పిన మొదటి పాఠం, ఖాళీ తుపాకీని కూడా నమ్మకూడదని. మూతి తుపాకీలో మందు ఉందో లేదో పైకి కనపడదు. అందుకని కూరే కడ్డీని లోపలికి వదలాలి. అడుగుదాకా దిగితే ఖాళీ, జానెడు ఆగిపోతే మందుంది. మావాడి కడ్డీ మీద అందుకోసం గీత గీసి ఉంది, అది చూసి కొంచెం ధైర్యం వచ్చింది. అయినా వెనక మర విప్పించి, గొట్టంలోంచి దీపం కనిపించేదాకా నేను ముందుకి పోలేదు.

మావాడు స్కోపు పట్టుకుని ఊపి, "గట్టిగానే ఉంది, చూడు" అన్నాడు. చేత్తో ఊపితే తెలిసేది వదులు కాదు, ఊడిపోవడం. అసలు వదులు కంటికి కనపడదు.

స్కోపు గొట్టానికి నేరుగా అతికి ఉండదు. గొట్టం మీద ముందొకటీ వెనకొకటీ చిన్న ఇనుప దిమ్మలుంటాయి, వాటిని బేసులంటారు. బేసుల మీద రింగులు, రింగుల నడుమ స్కోపు. వదులనుకోగానే అందరూ పైకి కనిపించే రింగుల స్క్రూలు బిగిస్తారు. మావాడూ అదే చేశాడు, బిగించీ బిగించీ ఒక స్క్రూ తల అరిగిపోయింది కూడా. నాకు అనుమానం కింద. బేసుకీ గొట్టానికీ మధ్య అతుకు దగ్గర సూదిమొనతో ఒక బొట్టు నూనె పెట్టి, స్కోపుని బొటనవేలితో నొక్కి వదిలాను. ముందు బేసు దగ్గర నూనె గీత కదల్లేదు. వెనక బేసు దగ్గర నొక్కినప్పుడల్లా నూనె లోపలికి పోయి, వదిలితే బయటికొచ్చింది. ఊపిరి తీసినట్టు. పాతకాలం మేస్త్రీలు రివెట్ల వదులు ఇట్టాగే పట్టుకునేవాళ్ళు.

"ఇంత కొంచెమేగా!" అన్నాడు మావాడు.

ఇంత కొంచెమే. లెక్క చెప్పాను. రెండు బేసుల మధ్య దూరం పన్నెండు సెంటీమీటర్లు. వెనక బేసు వెంట్రుక మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు లేచిందనుకో. నూరు గజాల దగ్గర గుండు మూడంగుళాలు పక్కకి పడుతుంది. ప్రతి దెబ్బకీ తుపాకీ వెనక్కి తన్నుతుంది, తన్నినప్పుడల్లా బేసు కొత్త చోట కూర్చుంటుంది. నువ్వు సరిచేసేది నిన్నటి తప్పుని. అది ఇవాళ ఇంకో తప్పు చేస్తుంది.

స్కోపు దించి బేసులు విప్పాం. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. వెనక బేసు స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. స్క్రూ గట్టి, బేసు వదులు! ఐటిఐలో ప్రతి బ్యాచికీ ఈ ముక్క చెప్పేవాణ్ణి. స్క్రూ బిగుసుకుందంటే వస్తువు బిగుసుకుందని కాదురా నాయనా, స్క్రూ దేనికి బిగుసుకుందో చూడండి అని. తుపాకీ గొట్టానికి వేసిన బొక్కలు ఆర్‌పార్ పోవు, పోకూడదు కూడా. లోపల పేలుడు జరుగుతుంది. అడుగున్న బొక్కలో స్క్రూ పొడుగైతే అడుగుని తన్ని ఆగిపోతుంది. బిగించేవాడికి గట్టిగా తగుల్తుంది, సంతోషపడతాడు. బేసు మాత్రం గాల్లో ఉంటుంది.

ఉత్త స్క్రూని బొక్కలో తిప్పి చుట్లు లెక్కపెట్టాను. వెనక బొక్క ఆరు చుట్లు మింగింది. అదే స్క్రూని బేసులో పెడితే కింద నుంచి ఏడు చుట్ల మర పొడుచుకొచ్చింది. ముందు బేసు స్క్రూలు తీసి పక్కన పెట్టి చూస్తే పొట్టివి. రెండు జతలూ తారుమారయ్యాయి.

"ఎవడు బిగించాడ్రా దీన్ని?"

"నేనే" అన్నాడు. "వీడియో చూసి."

ఇక పని సులువు. స్క్రూలు వాటి చోట్లకి మార్చాం. బొక్కల్లో జిడ్డుంటే ఏ స్క్రూ నిలవదు కాబట్టి కడగడానికి అసిటోన్ కావాలన్నాను. మావాడు లోపలికెళ్ళి మా కోడలి గోళ్ళరంగు చెరిపే మందు సీసా తెచ్చాడు, సీసా మీద అసిటోన్ అనే రాసుంది. దూదితో కడిగి ఆరబెట్టి, స్క్రూ మరకి నీలం రంగు జిగురు మందు ఆవగింజంత రాశాం. ఈ మందులో ఎర్రదీ ఉంది. అది వేస్తే మళ్ళీ విప్పాలంటే వేడి చెయ్యాలి. తుపాకీ గొట్టానికి మంట పెట్టే పని ఎవరికీ వద్దు. బిగించడానికి మావాడి దగ్గర బలం కొలిచే స్క్రూడ్రైవరుంది, బేసులకి ఇరవై ఇంచి-పౌండ్లు పెట్టమన్నాను. ఇరవై అంటే పెద్ద బలమేం కాదు, కొత్త మంచినీళ్ళ సీసా మూత తిప్పడానికి పట్టేదానికంటే కాస్త ఎక్కువ. రింగులకి ఇంకొంచెం తక్కువ. ఒకే స్క్రూని చివరిదాకా బిగించకుండా, మంచం నవారు లాగినట్టు ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా బిగించాం.

స్కోపులో గీతలు నిట్టనిలువుగా ఉండాలి. దానికి మావాడు ఇంకేదో పరికరం ఆర్డరు పెడతానన్నాడు. షెడ్డు అవతలి గోడకి దారం కట్టి, దానికి ఒక పెద్ద నట్టు వేలాడదీశాను. మన తాపీమేస్త్రీలు వాడే తూకం గుండే. తుపాకీని రసమట్టంతో సమంగా పెట్టి, స్కోపులో నిలువు గీతని ఆ దారం మీదికి తెచ్చాం. అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఆఖర్న మా కోడలి ఎర్ర గోళ్ళరంగుతో ప్రతి స్క్రూ తల మీంచి బేసు మీదికి సన్నగా ఒక గీత గీశాను. స్క్రూ వెంట్రుకంత తిరిగినా గీత విరిగి కనపడుతుంది.

మన దేశంలోనైతే ఈ పనికి నేను చెయ్యి పెట్టేవాణ్ణి కాదు. తుపాకీ రిపేరు చెయ్యాలన్నా దానికి వేరే లైసెన్సు ఉండాలి. అప్పుడు, పన్నెండేళ్ళ వయసులో, నాకీ సంగతి తెలియదు.

జిగురు మందు పూర్తిగా ఆరడానికి ఇరవై నాలుగ్గంటలు. ఇద్దరం హీటరు ముందు కూర్చున్నాం. మావాడు టీ తెచ్చాడు. "నువ్వెందుకట్టా అయిపోయావు, చూపు అన్నప్పుడు?" అనడిగాడు. ఈ సంగతి నేను మా ఆవిడక్కూడా చెప్పలేదు.

1971. అప్పటికి మాది ఒంగోలు జిల్లా, ప్రకాశం గారి పేరు పెట్టింది ఆ మరుసటి ఏడు. కొత్తపట్నంలో మా పొలం సముద్రం వైపు ఇసక నేల. దొరువు తవ్వుకుని, అంటే ఇసకలో వెడల్పాటి గుంట తీసి, అందులో ఊరిన నీళ్ళు కుండలతో మోసి శనక్కాయ తోట తడిపేవాళ్ళం. కాయ ఊరేసరికి మొగలి పొదల్లోంచీ సరుగుడు తోటల్లోంచీ పందులు దిగేవి. ఒక్క రాత్రిలో మూతులతో దున్నేసి పోయేవి. ఇప్పుడు పంది మీద గురిపెట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఆ చట్టం 1972లో వచ్చింది, ఇది అంతకు ముందు మాట.

నాయన తుపాకీ ఒంటి గొట్టందే. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు. ఇత్తడి గొట్టంతో కొలిచి పోసి, కొబ్బరి పీచు ఉండచేసి కూరి, నక్కలకైతే రవ్వలు, పందికైతే గుడ్డపీలికలో చుట్టిన ఒంటి గుండు. కడ్డీ వేసి పొడుస్తుంటే మొదట మెత్తగా దిగి, సరిగ్గా కూరుకున్నాక ఠంగుమని పైకెగిరేది. ఆ చప్పుడు విన్నాకే టోపీ పెట్టేవాడు. కాల్చాక వేడినీళ్ళతో కడగాలి, లేకపోతే మందు మసి తేమ పీల్చి గొట్టాన్ని తినేస్తుంది. మా సముద్రపు గాలికైతే తెల్లారేసరికి చిలుం.

గొట్టం మూతి మీద చిన్న ఇత్తడి పూస ఉండేది. దాన్ని పంది మీద నిలిపి కాల్చాలి. గురి చూసే గింజ కాబట్టి నాయన దాన్ని గురిగింజ అనేవాడు.

ఒకరోజు కడిగిన గొట్టాన్ని ఎండలో పెట్టి రమ్మన్నాడు. పందిరి గుంజకి ఆనించాను. నేను అటు తిరిగానో లేదో జారి రుబ్బురోలు మీద పడింది. గురిగింజ ఊడి దుమ్ములో పడింది. ఇంట్లో కొడవలి పిడులకి పెట్టే లక్క ఒక డబ్బాలో ఉండేది. దీపం మీద కరిగించి, గింజని ఉన్నచోటే అతికించాననుకున్నాను. కళ్ళతో చూస్తే సరిగ్గానే ఉంది. అడుగున నల్లగా లక్క కొంచెం పొంగింది, గోటితో గీకేశాను. చెప్పలేదు. చెబితే దెబ్బలు పడతాయని కాదు, నాయన కొట్టే మనిషి కాదు. మళ్ళీ తుపాకీ ముట్టుకోనివ్వడని.

మూడో రోజు తెల్లవారుజామున నాయన పందిని కాల్చాడు. తగల్లేదు. పంది వెనకాల, తుమ్మకంప అవతల, పక్క పొలం ఆయన కోడెదూడ కట్టేసుంది. ఒంగోలు జాతి దూడ, ఏడాదిన్నరది, తెల్లగా ముద్దుగా ఉండేది. రోజూ ఇంటి దగ్గర కట్టేవాళ్ళు, ఆ రాత్రి పొలంలో ఉంచారు. గుండు తొడలో దిగింది. మూడు రోజులు బతికింది.

ఆ రాత్రి నేను లేచి గింజని ఊడబీకి దొరువులో పారేశాను. మర్నాడు సాయంత్రం రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. నాయన ఎక్కువ మాట్లాడలేదు. "నాకు చూపు తగ్గింది. తప్పు నాదే" అన్నాడు. అమ్మ గాజులు ఒంగోలులో కుదువపెట్టి దూడ ఖరీదు కట్టాం. వారంలోపే తుపాకీ తీసుకెళ్ళి పోలీసు స్టేషన్లో అప్పగించి, నాకొద్దని రాసిచ్చి వచ్చాడు. ఆ ఏడు పందులు మా శనక్కాయ సగం తినిపోయాయి.

ఊళ్ళో పేరు మాత్రం నిలిచిపోయింది, చూపు లేనాయనని. పెళ్ళిళ్ళలో, బంతి భోజనాల్లో ఎవడో ఒకడు "ఏం మామా, ఇది కూరేనా, దూడ కాదు కదా" అనేవాడు. నాయన నవ్వేవాడు. నిజానికి ఆయన ముసలితనం దాకా గట్టు మీద నిలబడి, సముద్రంలో తెరచాప కనపడగానే ఆ పడవ ఎవరిదో చెప్పేవాడు. నేను పక్కనే ఉండి వినేవాణ్ణి. గురివింద గింజకి తన కింద నలుపు తెలీదంటారు. నా గింజ కింద నలుపు నాకు తెలుసు. తెలిసీ ఇరవై ఏడేళ్ళు ఆయన పక్కన కూర్చుని అన్నం తిన్నాను.

మావాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోను తీశాడు.

"గొట్టం పొడుగెంత?"

"తొంభై సెంటీమీటర్లుంటుంది."

"గింజ ఎంత జరిగుంటుంది?"

"ఏమో, రెండు మిల్లీమీటర్లు అనుకో."

"నలభై మీటర్ల దగ్గర తొమ్మిది సెంటీమీటర్లు" అన్నాడు. మళ్ళీ తనే, "మూడున్నర అంగుళాలు. అంతమాత్రానికే పంది తప్పిపోతుందా?"

తప్పొచ్చు, తప్పకపోవచ్చు. మసక వెలుతురు, పంది కదిలిపోయి ఉండొచ్చు. ఆ లెక్క నేను ఐటిఐలో చేరిన మొదటి ఏడాదే వేసుకున్నాను, ఎన్నిసార్లు వేసినా అదే తేలింది. ఇంకో మాట కూడా ఉంది, అది కొడుకుతో అనడానికి నోరు రాలేదుగానీ ఇక్కడ రాస్తాను. కాల్చే ముందు గింజ వేలితో ఒత్తి చూసుకోవాల్సింది కాల్చేవాడు. పంది వెనకాల ఏముందో చూడందే కాల్చొద్దని నాకు చెప్పింది కూడా నాయనే. ఆ తెల్లవారుజామున ఆ రెండూ ఆయన చెయ్యలేదు. అంతమాత్రాన నా వంతు తగ్గదు. రెండు తప్పులు కలిస్తే గాని ఆ దూడ చావలేదు, ఆయన మాత్రం రెండూ తనే మోశాడు.

ఆదివారం రేంజికి నన్ను కూడా తీసుకెళ్ళాడు. మందు పొడికి బదులు ఇప్పుడు మాత్రలొస్తున్నాయి, గొట్టంలో రెండు వేసి పైన గుండు పెట్టి కూరడమే. మొదటి గుండు గొట్టానికి మసి పట్టడానికి వదిలేశాడు. తర్వాత ప్రతి దెబ్బకీ తడిగుడ్డ, పొడిగుడ్డ. ఆ పొగ వాసన నాయన చొక్కాలో వచ్చేది. అదే కాదుగానీ, దాని చుట్టం. యాభై గజాల దగ్గర మూడు గుళ్ళూ కాఫీ కప్పు మూతంత చోట పడ్డాయి. స్కోపు సర్ది నూరు గజాల దగ్గర కాల్చాడు, టీ సాసరంత. గోళ్ళరంగు గీతలు చూశాను, ఒక్కటీ విరగలేదు.

"చూపు బాగానే ఉంది" అన్నాను. వాడు తలూపి తుపాకీ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

జనవరిలో సీజను రెండో రోజు చీకటితో లేచి, నారింజరంగు కోటు తొడుక్కుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఉత్త చేతుల్తో వచ్చాడు. వాళ్ళమ్మ అప్పటికి పసిగట్టేసింది, మొహం మాడ్చుకుని వంటింట్లో ఉంది. మావాడు నాకు మాత్రం వినపడేట్టు చెప్పాడు. "కనిపించింది నాన్నా, ఎనభై గజాల్లో. గట్టు మీద నిలబడింది. దాని వెనకాల ఆకాశం తప్ప ఏమీ కనపళ్ళేదు. గట్టు అవతల ఏముందో తెలీదుగా. కాల్చలేదు."

ఏప్రిల్లో తిరిగొచ్చేశాం. అప్పుడు మన దగ్గర ఎన్నికలు, మే 13న పోలింగు. కొత్తపట్నంలో మా అక్క ఇంటికెళితే, ఎదురింటాయన పంట తుపాకీ గోనెలో చుట్టుకుని స్టేషన్లో అప్పజెప్పడానికి వెళుతున్నాడు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు తెచ్చివ్వమంటారు, అయిపోయాక వెనక్కిస్తారు. ఆయన్ని చూడగానే నాయన సంగతి వచ్చింది. అక్కకి డెబ్భై దాటాయి, అరుగు మీద కూర్చుని శనక్కాయలు వొలుస్తా ఉంది. మావాడితో చెప్పినట్టే మొత్తం చెప్పాను. గింజ ఊడటం, లక్క, దొరువు అన్నీ.

అక్క చెయ్యి ఆపలేదు.

"లక్క డబ్బా సంగతి నన్నడిగాడురా నాయన" అంది.

"ఎప్పుడు?"

"దూడకి దెబ్బ తగిలిన మర్నాడు పొద్దున. తుపాకీ తుడుస్తా తుడుస్తా లోపలికొచ్చి, డబ్బాలో లక్క ఎవరు తీశారమ్మా అన్నాడు. నువ్వు దీపం దగ్గర కూర్చుని కరిగిస్తంటే నేను చూశాగా. చాకు పిడి ఊడితే నేనే పెట్టా నాయనా అన్నా."

"ఏమన్నాడు?"

"ఏమనలా. ఆ చాకు తెమ్మన్నాడు. తెచ్చిచ్చా. అటూ ఇటూ తిప్పి చూశాడు. పిడి ఊడిందీ లేదు, పెట్టిందీ లేదు. మళ్ళీ నా చేతికే ఇచ్చి, పో, కూర తరుక్కోపో అన్నాడు." కాసేపాగి, "ఆ సాయంత్రమేగా రచ్చబండ కాడికి పోయింది" అంది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే అక్కా?"

"నువ్వడిగావా?"

చాటలో ఇంకా శేరుడు కాయలున్నాయి. పక్కన కూర్చుని నేనూ వొలవడం మొదలుపెట్టాను.